గోరువెచ్చటి నీళ్లు

పొద్దున ఆరింటికల్లా జానీబీ బోరింగు దగ్గర్నుంచి రెండు బిందెల నీళ్లు తెచ్చి, ఒకటి ఇనప బకెట్లో కుమ్మరిస్తుంది. గడప పక్కన కూర్చున్న మొగుడు బాషా కుడిచెయ్యి అందులో ముంచుతాడు. ఆమె రాత్రి అంట్లు తోమడం అయ్యేలోపు బకెట్లో నీళ్లు కళపెళా మరుగుతాయి. "చాల్లే, తియ్యి" అంటుంది. తీస్తాడు. చెయ్యి ఎర్రబడదు, బొబ్బెక్కదు. రెండో బిందె కూడా అందులో పోస్తే తనకీ, తొమ్మిదేళ్ల కూతురు నాజియాకీ స్నానానికి సరిపోతాయి.

ఆ పని అయిందో లేదో పక్కింటి గురవమ్మ స్టీలు గిన్నెతో వచ్చేస్తుంది.

"బాషా, నాలుగే గుడ్లయ్యా. పిల్లలకి బడి టైమవుతోంది, పొయ్యి చూస్తే రాజుకోట్లా."

బాషా గిన్నె ఒళ్లో పెట్టుకుంటాడు. కాదనడు, సరేననడు. గుడ్లు నీళ్లలో ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. గురవమ్మ ఆ కాసేపూ మిరపకోత కబుర్లు చెప్పి, గిన్నె కొంగుతో పట్టుకుని పోతుంది. గుడ్ల నీచు మాత్రం బాషా వేళ్లకి అంటుకుని మధ్యాహ్నం దాకా వదలదు.

పిడుగురాళ్లలో సున్నం బట్టీల వెనక ఉన్న ఆ కాలనీలో దీన్ని వింతగా చూసినవాళ్లెవరూ లేరు. చెట్ల ఆకుల దగ్గర్నుంచి కోళ్ల రెక్కల దాకా అన్నీ తెల్లటి దుమ్ము కప్పుకుని ఉండే చోటది. కాల్చిన సున్నపురాయి మీద చెంబెడు నీళ్లు పోస్తే కుతకుతా ఉడకడం పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నవాళ్లే అందరూ. రాయి ఉడికించినప్పుడు మనిషి ఉడికించడా? బాషా ఒంట్లోకి సున్నం పోయిందన్నారు. అంతటితో ఆ సంగతి తేలిపోయింది.

జానీబీకి మాత్రం అదంతా రోతగా ఉండేది. నీళ్లు మరగడం కాదు, మరిగిన తర్వాత జరిగేది. ఒకావిడ గుడ్లు, ఇంకొకావిడ చంటిపిల్ల పాలసీసాలు, ఆదివారం ఆదివారం ఎవరో ఒకళ్లు కోడి ఈకలు పీకడానికి వేణ్ణీళ్లు. ఇక సెంటర్లో టీకొట్టు దానయ్య అయితే రోజంతా బాషాని బల్ల వెనక కూర్చోబెట్టి కెటిల్ చేతికిచ్చేవాడు. కిరోసిన్ మిగిలిందని సంబరం. "బాషా టీ" అని ఎవడో సుద్దముక్కతో గోడ మీద రాశాడు కూడా.

మరి బాషా తాగే నీళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. అతను గ్లాసు ముట్టుకుంటే మరిగిపోతుంది. అందుకని జానీబీ అతని తల వెనక్కి వంచి, చంటిపిల్లాడికి పోసినట్టు పైనుంచి ధారగా నోట్లో పోసేది. అయినా గొంతు దిగేసరికి వేడెక్కేవి. తొమ్మిది నెలలుగా అతను చన్నీళ్ల రుచి ఎరగడు.

నిరుడు, అంటే రెండువేల రెండు మే నెలలో, చెంచురామయ్యగారి బట్టీ గోడ విరిగింది. బట్టీకి పైనుంచి రాయీ బొగ్గూ పోస్తారు. కాలిన సున్నాన్ని కిందనుంచి లాగుతారు. ఆ కింద పనిచేస్తున్న యలమంద మీద గోడా, దాని వెనకున్న వేడి సున్నమూ కలిసి పడ్డాయి. పక్కనే ఉన్న బాషా అతన్ని రెక్కలు పట్టుకుని బయటికి లాగాడు. పైన ఉన్నవాళ్లు దిగి వచ్చేసరికి ఆలస్యమైంది. లారీలో వేసుకుని గుంటూరు బయల్దేరారు గానీ సత్తెనపల్లి చేరకముందే యలమంద పోయాడు. బాషా ఒంటి మీద ఒక్క గీత లేదు. నీ మొగుడు అదృష్టవంతుడే అన్నారు అందరూ.

పదిరోజులకి, అతను తాగి పెట్టిన గ్లాసు అడుగున మిగిలిన నీళ్లు గోరువెచ్చగా ఉండటం జానీబీ గమనించింది. మే నెల గదా, రేకుల ఇల్లు గదా అనుకుంది. జూన్‌లో వానలు పడ్డాయి. నీళ్లు ఇంకాస్త వేడెక్కాయి. వినాయకచవితి పందిళ్లు వేసే నాటికి పొగలొచ్చాయి. దసరా వెళ్లాక మరిగాయి.

సున్నం పడ్డ ఒంటి మీద నీళ్లు పోయకూడదు, దులిపి నూనె రాయాలి. బట్టీలవాళ్లకి ఇది ఒకరు నేర్పక్కర్లేదు, పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. ప్రతి బట్టీ దగ్గరా ఒక నూనెడబ్బా వేలాడుతుంటుంది. కుళాయి మాత్రం ఉండదు. సున్నం దగ్గర నీళ్లెందుకు, చావడానికా, అంటారు యజమానులు. అదే పద్ధతిలో బాషాకీ వైద్యం చేశారు. రోజూ ఒళ్లంతా ఆముదం పట్టించమన్నారు. నీళ్లు తగ్గించి బెల్లం పెట్టమన్నారు. జానీబీ అన్నీ పొల్లుపోకుండా చేసింది. అతని కంచం, చెంబు వేరుచేసి వాటికి ఎర్రరంగు పూసింది. నాజియా వాటిని తాకకూడదు, నాన్న పక్కలో పడుకోకూడదు. పక్కబట్టలన్నీ మురిగిన ఆముదం కంపు కొట్టేవి. ఆ జిడ్డు అతని మెడ మడతల్లో సున్నపు దుమ్ముతో కలిసి మడ్డిలా పేరుకునేది. దాన్ని గోటితో గీరి తీస్తున్నప్పుడు ఆమెకి రోత పుట్టేది. అలా పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

బాషా కూర్చునే నిద్రపోయేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి క్వారీలో మందు పేలిస్తే కెటిల్ వదిలేసి బల్లకింద దూరేవాడు. బట్టీల దారి మానేసి, సెంటర్‌కి చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి పోయేవాడు. ఇదంతా సున్నం చేస్తున్న పనే అన్నారు.

సంక్రాంతి వెళ్లాక హైదరాబాదు నుంచి ఎవరో ట్రస్టువాళ్లు వచ్చి కల్యాణమండపంలో శిబిరం పెట్టారు. ప్రమాదాలు చూసినవాళ్ల మనసులకి సాయం చేస్తారని మైకులో చెప్పారు. జానీబీ మిరపకోత మానుకుని మొగుణ్ని తీసుకుపోయింది. గుమ్మంలో బిస్కెట్ పొట్లం ఇచ్చారు. లోపల మెడలో కార్డు వేసుకున్న కుర్రవాడొకడు కాగితం ముందు పెట్టుకుని, తల ఎత్తకుండా అడిగాడు.

"గత నెలరోజుల్లో మీకు తీవ్రమైన ఆందోళన కలిగిందా? అవునా, కాదా?"

బాషా భార్య వైపు చూశాడు. "కాదు" అన్నాడు.

"నిస్సహాయత?"

"అంటే?"

"అవునా, కాదా చెప్పండి చాలు."

"కాదు."

పద్నాలుగు ప్రశ్నలు. పద్నాలుగు కాదులు. కుర్రవాడు కింద గీతగీసి, "బాగున్నారు, సంతోషం" అన్నాడు. వెనక నుంచి ఇంకొకడు వచ్చి, నీళ్లు మరిగించేది మీరేనటగా, మా వాళ్లకి ఇరవై టీలు కావాలి అన్నాడు. బాషా కెటిల్ పట్టుకుని కూర్చుంటే ఫొటో తీసుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి టీ గుక్క తాగి, "భలే స్ట్రాంగ్‌గా ఉంది" అని నవ్వింది. జానీబీ బిస్కెట్ పొట్లం మండపం మెట్ల మీద పెట్టేసి వచ్చింది. దారిలో కాలవ గట్టున కూర్చుని వాంతి చేసుకుంది.

మరుసటి వారం గవర్నమెంటు నర్సమ్మ సుబ్బరావమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. అంతకుముందు ఒంగోలు వైపు గ్రానైటు క్వారీల దగ్గర పనిచేసి బదిలీ మీద వచ్చింది. పోలియో చుక్కల డబ్బా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, జానీబీ గుమ్మంలో ఆగి బకెట్‌లో చెయ్యి పెట్టిన బాషాని చూసింది.

"ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది నెలలండీ. ఒంట్లో సున్నం పడింది" అంది జానీబీ.

"సున్నం కాదమ్మా, భయం. సున్నమైతే ఈపాటికి చచ్చిపోయేవాడు." బాషా మెడ మీద వేలుపెట్టి రాసి వాసన చూసి మొహం చిట్లించింది. "ఈ జిడ్డు ఆపెయ్. ఒంగోలు వైపు క్వారీ పేలినప్పుడు ఇద్దరికి ఇట్టాగే అయింది. నీళ్లు మరిగేదాకా నాకు ఒక్కడూ చెప్పలా. గోరువెచ్చగా ఉన్నప్పుడే పట్టుకోవాలి దీన్ని. మరిగాక కూడా తగ్గుద్ది గానీ, చాలాకాలం పడుద్ది."

ఆ సాయంత్రమే ఆవిడ కాలనీ మధ్యలో సత్తుబేసినూ, థర్మామీటరూ పెట్టుకుని కూర్చుంది. బట్టీ గోడ విరిగిన రోజు అక్కడ ఉన్నవాళ్లంతా రావాలని చెప్పింది. ఒక్కొక్కళ్లూ చెయ్యి ముంచడం, ఆవిడ ఆ కబురూ ఈ కబురూ అడుగుతూ థర్మామీటరు చూడటం. నిద్ర పడుతోందా, కలలో ఆ గోడ కనపడుతోందా, ఆ దారిన పోతున్నావా అని మధ్యమధ్యలో ఊరికే అన్నట్టు అడిగేది. మనిషి మారినప్పుడల్లా నీళ్లు పారబోసి కొత్తవి పోసేది.

"నర్సమ్మగారూ, మా ఆవిడ చెయ్యి ముంచొద్దు, బేసిను కరిగిపోద్ది" అన్నాడు లారీ డ్రైవరు మీరా హుస్సేన్. యలమందని లారీలో తీసుకుపోయింది అతనే. అందరూ నవ్వారు.

"ముందు నువ్వు ముంచు" అంది సుబ్బరావమ్మ.

ముంచాడు. జోకులు చెబుతూనే ఉన్నాడు. ఆవిడ థర్మామీటరు పైకెత్తి, చేతిని నీళ్లలో అలాగే ఉంచమంది. మీరా హుస్సేన్ నవ్వు సగంలో ఆగింది.

"వెచ్చగుందా?" అని అడిగాడు.

"కొంచెం."

"నేను లోపల లేను గదండీ. బండి తోలానంతే."

"తోలినప్పుడు వెనక నుంచి అరుపులు వినబడ్డయ్యా?"

అతను చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. వెళ్లిపోలేదు, ఆవిడ పక్కనే కింద కూలబడ్డాడు.

"చూసినవాళ్లకీ, విన్నవాళ్లకీ కూడా పడుద్ది" అంది నర్సమ్మ అందరితో. తర్వాత జానీబీ వైపు తిరిగింది. "నీ కూతురేది? ఆ రోజు అన్నం క్యారేజీ తీసుకెళ్లిందంటగా?"

"ఇచ్చేసి వచ్చేసిందండీ. అది అక్కడ లేదు అప్పటికి."

ఆ మాట నోట్లోంచి రావడంతోనే అది అబద్ధమో నిజమో తనకే తెలియదని జానీబీకి తెలిసింది. తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా పిల్లని అడగలేదు. పిల్ల గోళ్లు ఆదివారం ఆదివారం తీసేది. తలలో పేలు చూసేది. హోంవర్కు పుస్తకం చదవడం రాకపోయినా తిరగేసి ఎర్రసిరా గీతలు లెక్కపెట్టేది. జ్వరమొస్తే రెండు పూటలు ఆగేది కాదు. ఇదొక్కటే అడగలేదు. అడిగితే, అవునంటే, ఆ పిల్లని పిచ్చి డాక్టరు దగ్గరికి తిప్పుతున్నారని ఊరంతా అనదా? పెద్దయ్యాక దాని గతేంటి?

ఇంటికొచ్చాక చూస్తే నాజియా కుండలోకి తల వంచి పిల్లిలా నీళ్లు తాగుతోంది. ఎన్నాళ్లుగానో అలాగే తాగుతోంది. అల్లరి అనుకుని రెండుసార్లు వీపు మీద వేసింది కూడా.

"గ్లాసుతో తాగు."

"వద్దు."

"పట్టుకోవే చెబితే."

పిల్ల రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. జానీబీ మనసులో నూరు లెక్కపెట్టి గ్లాసు తీసుకుంది. మిరపకాయల మంటకి తన వేళ్లు ఎప్పుడూ కాలుతూనే ఉంటాయి కాబట్టి వేళ్లని నమ్మలేదు. గ్లాసు చెంపకి ఆనించుకుంది.

గోరువెచ్చగా ఉంది. బయట మాఘమాసపు చలి. ఈసారి మే నెల ఎండ అనుకోవడానికి లేదు.

రెండురోజులు ఎవరికీ చెప్పలేదు. మూడోరోజు తెలియకుండానే ఆముదం సీసా తీసుకుని పిల్ల అరచేతిలో పోసి రుద్దడం మొదలుపెట్టింది. ఆ కంపు గుప్పున ముక్కుకి కొట్టింది. అది మొగుడి కంపు, మూల పడేసిన పక్కబట్టల కంపు. పిల్ల చెయ్యి లాక్కోలేదు, ఎందుకని అడగలేదు. బాషా గుడ్ల గిన్నె పట్టుకుని కూర్చున్నట్టే, ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చుంది. జానీబీ సీసా పెంటకుప్ప మీదికి విసిరేసి, పిల్ల చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగింది. కడిగిన నీళ్లు వెచ్చగా కాళ్ల మీద పడుతుంటే పళ్లు బిగించి ఏడ్చింది.

గోడకి అవతల గురవమ్మ ఉండనే ఉంది. తెల్లారి మిరపకోతకి పోయే ట్రాక్టరు కోసం సెంటర్లో నిలబడితే, దానయ్య టీగ్లాసులు కడుగుతూ పలకరించాడు.

"ఏం జానీబీ, అమ్మాయికి కూడా మొదలైందంట గదా."

ఆమె ట్రాక్టరు వచ్చే వైపు చూసింది.

"మంచిదేలే. బడి వదిలాక ఓ గంట ఇట్టా పంపించు. మరిగించడానికి చాలదనుకో, పాలు వెచ్చబెట్టడానికి పనికొస్తది. ఊరికే వద్దమ్మా, రోజూ ఒక బన్ను ఇస్తాలే పిల్లకి."

పక్కన బల్ల మీద కూర్చున్న ఇద్దరు తలలూపారు. దానయ్య ముఖంలో దుర్మార్గం ఏమీ లేదు. మంచి మాట చెప్పానని అనుకుంటున్న మనిషి ముఖం. జానీబీ బల్ల వెనక్కి పోయి బాషా చేతుల్లోంచి కెటిల్ లాక్కుని, ఉడుకుతున్న టీ అంతా రోడ్డు మీద పారబోసింది.

"ఏయ్! ఏయ్! పిచ్చిగాని పట్టిందా నీకు?" అన్నాడు దానయ్య.

"లే" అంది మొగుడితో.

"ఏందే ఇది? జనం చూస్తున్నారు" అన్నాడు బాషా.

"చూడనీ. ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నారుగా. లే."

ఇంటికొచ్చాక నాజియాని పిలిచి, గ్లాసు పట్టుకోమని, కాసేపాగి ఆ గ్లాసు మొగుడి ముందు నేల మీద పెట్టింది. అతను ముట్టుకుంటే మరుగుతుంది కాబట్టి, వంగి చెంప దగ్గరగా పెట్టి చూడమంది. బాషా వంగాడు.

"ఇది నాది కాదు" అన్నాడు. "దీన్ని నేను ముట్టుకోలా."

"నీది కాదయ్యా. దానిది." పిల్ల వైపు తిరిగింది. "ఆ రోజు నువ్వు అక్కడున్నావా, నాజీ?"

నాజియా తండ్రి వైపు చూసింది. తర్వాత నేల చూసింది.

"తాగడానికి తెచ్చిన నీళ్ల క్యాను నేనే ఇచ్చా" అంది.

"ఏ నీళ్లు?"

"నాన్న నీళ్లు తెమ్మని అరిచాడు. యలమంద మామ మీద పొయ్యడానికి." గబగబా చెప్పేసింది, పాఠం అప్పజెప్పినట్టు. "సున్నం మీద నీళ్లు పొయ్యకూడదని నాకు తెలుసమ్మా. రెండో క్లాసప్పట్నుంచీ తెలుసు. అయినా ఇచ్చా. మామ మీద నీళ్లు ఉడికినయ్. నేనివ్వకపోతే బతికేవాడు గదా."

గ్లాసులో నీళ్ల మీద పొగ లేచింది. పిల్ల దాన్ని తాకనే లేదు.

బాషా నాలుగు మాటలు కలిపి మాట్లాడి తొమ్మిది నెలలైంది. మాట ఎక్కడ మొదలుపెట్టాలో మర్చిపోయినవాడిలా ముందు చేతులు కదిపాడు.

"అడిగింది నేను. పోసింది నేను. నీకు తెలిసింది నాకు తెలీదా, తల్లీ? ఇరవై ఏళ్లు పనిచేశా. వాడు అట్టా అరుస్తుంటే నాకేం గుర్తు రాలా. నూనెడబ్బా తల మీదే వేలాడుతోంది, కనపడలా. పోశాక వాడు ఇంకా పెద్దగా అరిచాడు. మనవాళ్లు వచ్చాక ఆ ఆవిరి బట్టీది అనుకున్నారు. నేను అదే అన్నా. వాడి భార్యతో కూడా అదే అన్నా." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు చూశావనుకోలా. క్యాను ఇచ్చి పోయావనుకున్నా."

నాజియా ఏడవడం మొదలుపెట్టింది. బాషా చేతులు చాచి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. కన్నీళ్లు కూడా నీళ్లే గదా అని భయం. జానీబీ పిల్లని ఎత్తి అతని ఒళ్లో కూలేసింది.

"ఏం కాదు. పట్టుకో."

పట్టుకున్నాడు. పిల్ల చెంపలు వెచ్చబడ్డాయి గానీ కాలలేదు.

మర్నాడు మంగళవారం. సుబ్బరావమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని ముగ్గురూ పొద్దున బస్సుకి గుంటూరు పెద్దాసుపత్రికి పోయారు. మీరా హుస్సేన్ కూడా వచ్చాడు, వాళ్లకి రెండు సీట్ల వెనక, సంబంధం లేనట్టు కూర్చుని. మనసు డాక్టరు ఒక పడుచు పిల్ల. నాజియాకి కాగితం, రంగుపెన్సిళ్లు ఇచ్చి, ఏం గీస్తావో గీయమంది. మొదటివారం బాషా ఏమీ చెప్పలేదు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. రెండోవారం గోడ దాకా చెప్పాడు. మూడోవారం క్యాను దాకా వచ్చాడు. వచ్చి, ఆవిడ ముఖం ఎలా మారుతుందో చూడటానికి ఆగాడు.

ఆవిడ ముఖం మారలేదు. "మీ బట్టీలో కుళాయి ఎక్కడుంది?" అని అడిగింది.

"లేదండీ. సున్నం దగ్గర నీళ్లుండకూడదు."

"ఎవరు చెప్పారు?"

"అందరికీ తెలుసండీ."

"సున్నం కాలినవాళ్లు ఇక్కడికొస్తే ముందు పొడి దులిపేస్తాం. తర్వాత నీళ్లే పోస్తాం. ధారగా, గంటసేపు, ఆపకుండా. మీ దగ్గరున్నది ఒక్క క్యాను. నీళ్లు పోయడం తప్పు కాదు బాషాగారూ, ఉన్న నీళ్లు చాలలేదు. అతనికి తగిలింది సున్నం ఒక్కటే కాదు, బట్టీ నిప్పు కూడా. గంటసేపు పోసినా బతికేవాడో లేదో నేను చెప్పలేను."

బాషా కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. ఊరట పడతాడనుకుంది జానీబీ. అతని ముఖంలో వచ్చింది ఊరట కాదు, అసహ్యం. ఇరవై ఏళ్లు ఆ నూనెడబ్బాకి పొద్దున్నే దణ్ణం పెట్టి పనిలోకి దిగినందుకు, కుళాయి ఎందుకు లేదని ఒక్కరోజు అడగనందుకు. బయటికొచ్చి ఆసుపత్రి గోడ మూల కూర్చుని కాండ్రించి ఉమ్మాడు. డాక్టరమ్మ కిటికీలోంచి చూసి, రానివ్వండి, ఆ కోపం రావాల్సిందే అంది జానీబీతో.

వారం తిరక్కుండానే చెంచురామయ్యగారు కాలనీ దారిలో స్కూటరు ఆపారు.

"ఏరా బాషా, పిచ్చి డాక్టరు దగ్గరికి తిరుగుతున్నావంట? బట్టీవాళ్లందరికీ నేర్పుతున్నావా ఆ పిచ్చి?"

"కుళాయి పెట్టించండి" అన్నాడు బాషా.

"ఏంటి?"

"బట్టీ దగ్గర కుళాయి. పెద్దది."

చెంచురామయ్యగారు చుట్టూ ఉన్నవాళ్లని చూసి నవ్వారు. ఎవరూ నవ్వలేదు. ఆయన స్కూటరు స్టార్టు చేసుకుని పోయారు. కుళాయి అయితే రాలేదు. మీరా హుస్సేన్ మాత్రం ఆ బట్టీకి లోడు తోలడం మానేశాడు. సుబ్బరావమ్మ సత్తుబేసిను చుట్టూ ఇప్పుడు పిలవకుండానే మనుషులు వచ్చి కూర్చుంటున్నారు. కొందరు ప్రమాదం సంగతి కాదు, ఇంకేవో పాత సంగతులు చెబుతున్నారు. ఆవిడ థర్మామీటరు చూస్తూ వింటోంది.

నాజియా గ్లాసు అయిదో మంగళవారానికి చల్లబడింది. ఒకరోజు మళ్లీ వెచ్చబడింది, మళ్లీ చల్లబడింది. ఉగాది వెళ్లింది. మే నెల వచ్చింది. రేకులు కాలిపోతున్నాయి. బడి సెలవులు. పిల్ల మధ్యాహ్నం ఎండలో ఆడి వచ్చి, కుండలో నీళ్లు గ్లాసుతో ముంచుకుని, రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగి, మిగిలినవి నెత్తిన పోసుకుని మళ్లీ పరిగెత్తేది. జానీబీ ప్రతిసారీ ఆ గ్లాసు తీసి చెంపకి ఆనించుకునేది. మే నెలలో కూడా చల్లగా ఉండేది. ఇక చూడటం ఆపమ్మా అని సుబ్బరావమ్మ తిట్టింది గానీ ఆమె ఆపలేదు.

బాషాది అంత తొందరగా తేలే పని కాదు. అతను కొన్నాళ్లకి దానయ్య బల్ల వెనక్కి మళ్లీ చేరాడు, మంగళవారాలు తప్ప. వేరే పని దొరికేదాకా అన్నాడు. బట్టీల దారిన సగం దాకా నడిచి వెనక్కి వచ్చేవాడు. పొద్దున బకెట్ మరగడానికి ఇప్పుడు అంట్లు తోమడం చాలేది కాదు, ఇల్లంతా ఊడ్చినా అయ్యేది కాదు. గురవమ్మ గుడ్లు రెండుసార్లు పచ్చిగా తీసుకెళ్లి, మూడోసారి రావడం మానేసింది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం దానయ్య చేతిలో కెటిల్, గ్లాసు పట్టుకుని ఇంటికే వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"చూడు జానీబీ, నీకే చూపిద్దామని తెచ్చా. ముప్పావుగంట పట్టుకున్నాడు మీ ఆయన. ముప్పావుగంట! ఆకు కూడా ఊరలా. జనం గ్లాసులు మొహాన కొట్టి పోతున్నారు. నువ్వు ఆ గుంటూరు తిప్పడం ఆపకపోతే నా కొట్టు మూసుకోవాల్సిందే. తాగి చూడు, నీకే తెలుస్తది."

గ్లాసు నిండా పోసి చేతికిచ్చాడు. జానీబీ నోట పెట్టుకుంది. పాలు పచ్చివాసన. ఆకు తేలుతోంది. పంచదార కరగక అడుగున ఇసుకలా గరగరలాడుతోంది. మరగని టీ, మనిషన్నవాడు మింగలేని టీ. ఆమె ఆఖరి చుక్క దాకా తాగి, నాలుక మీద ఆకు తీసి పారేసి, ఖాళీ గ్లాసు ముందుకు చాచింది.

"ఇంకో గ్లాసు పొయ్యి, దానయ్యన్నా."